ఒక్క అడుగు వెనక

తెల్లవారుజామున నాలుగున్నరకు చల్లపల్లిలో మొదట వినపడేది చీపుళ్ల చప్పుడు. 2014 నవంబరు 12న డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ టి. పద్మావతి దంపతులు ఊళ్లో నలుగురినీ కలుపుకొని మొదలుపెట్టిన ‘స్వచ్ఛ చల్లపల్లి’ పని అది. చేతులకు తొడుగులు, తలకు దీపాలు పెట్టుకున్న మనుషులు నిన్న ఊడ్చిన రోడ్డునే ఇవాళ మళ్లీ ఊడుస్తారు. వాళ్లు పని ముగించే వేళకు బస్టాండులో టీకొట్టు తెరుస్తారు, బందరు బస్సుకు జనం చేరతారు.

ఆ జనంలో ఒక అక్క కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆమె పేరు చెప్పను, ఊరు చెప్పను. అది నా మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా: హెచ్‌ఐవీ ఉన్న మనిషి వివరాన్ని ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది, 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. ఆమె చేతిలో బట్టలకొట్టు సంచి, సంచిలో మడతపెట్టిన తువ్వాలు, తువ్వాలులో ఖాళీ అయిన మందు సీసా. సీసా మీది కాగితం గోటితో గీకేసి ఉంది. మూత తీసి చూపించింది. లోపల దూది.

‘‘బస్సు కుదుపుకి బిళ్లలు గలగలమంటాయి తమ్ముడూ. పక్కనోళ్లు ఏం బిళ్లలమ్మా అని అడుగుతారు. దూది కుక్కితే చప్పుడుండదు’’ అంది.

పదిహేనేళ్లకు పైగా మందు వాడుతోంది. భర్త పోయాక బయటపడింది. ఇన్నేళ్లూ ఆమెను ఒక ప్రశ్న వదల్లేదు. బస్సు కదిలి ఊరు దాటాక అడిగింది: ‘‘ఒంట్లో ఎదురుతిరిగే శక్తి లేకపోబట్టే ఇది పట్టుకుంటదని అప్పట్లో అందరూ అన్నారు. నా ఒంట్లో ఆ శక్తి పుట్టుకతోనే లేదా, ఇది వచ్చినాక పోయిందా?’’

ఈ కథనం ఆ ప్రశ్నకు జవాబు. ఎందుకంటే ఆమె ఒళ్లు ఎదురుతిరగలేదన్నది అబద్ధం. ఆ అబద్ధాన్ని ఇన్నేళ్లు మోయించాం ఆమె చేత.

ముందు పరీక్ష కాగితం సంగతి చూడాలి. ‘పాజిటివ్’ అని రాసిచ్చే కాగితం. ఐసీటీసీ అనే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రంలో తీసుకున్న రక్తాన్ని కిట్టు మీద వేస్తారు. గీత పడుతుంది. చాలామంది ఆ గీతను వైరస్ అనుకుంటారు. ఆ రాపిడ్ కిట్లు వెతికేది వైరస్‌ను కాదు, యాంటీబాడీలను. అంటే ఒంట్లోకి ఎవరో చొరబడ్డారని గుర్తుపట్టి, ఆ చొరబడినవాడి ఆకారానికి సరిగ్గా అతుక్కునేలా మన రక్తం తయారుచేసుకున్న ప్రొటీన్లను. మూడు రకాల కిట్ల మీద మూడుసార్లు చూసి గాని ఖాయం చేయరు. మూడుసార్లూ సాక్ష్యం చెప్పేది మన నెత్తురే.

1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల మన దేశంలో తొలిసారి హెచ్‌ఐవీని కనిపెట్టిందీ ఇలాగే, రక్తంలో యాంటీబాడీలను చూసి. తల్లి నుంచి బిడ్డకు కూడా ఈ యాంటీబాడీలు మాయ గుండా చేరతాయి. అందుకే హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఏడాదిన్నర దాకా ఈ కిట్లతో తేల్చరు. బిడ్డ ఒంట్లో ఉన్నది వైరసో, అమ్మ ఇచ్చిన కాపలానో ఆ గీత చెప్పలేదు.

మరి ఇంత కాపలా ఉండి దొంగ ఎలా నిలిచాడు?

మా దివిసీమ, బందరు వైపు రైతుకు ఈ సంగతి చెప్పడం తేలిక. సార్వాలో సుడిదోమ ఎవరికి తెలియదు? పొలం మధ్యలో గుండ్రంగా ఒక సుడి ఎండిపోతుంది, నాలుగు రోజుల్లో పక్కకు పాకుతుంది. కొత్త మందు వచ్చిన ఏడు దోమ రాలిపోతుంది. రెండో ఏడు పర్వాలేదు. ఆ తర్వాత అదే మందు రెట్టింపు కొట్టినా దోమ కదలదు. దోమ తెలివిమీరిందంటాం. దోమకు తెలివి లేదు. లక్షల దోమల్లో ఆ మందును తట్టుకునే గుణం ఏ పదింటికో ముందే ఉంది. మిగతావి చచ్చాయి, ఆ పదీ పిల్లల్ని పెట్టాయి. మనం కొట్టిన మందే వాటిని ఏరిపెట్టింది.

హెచ్‌ఐవీకీ తెలివి లేదు. ఉన్నది అంతులేని సంతానం, ఆ సంతానంలో అంతులేని తప్పులు. దాని జన్యువు మొత్తం పదివేల అక్షరాలకు కాస్త తక్కువ. మన కణంలో చేరి ఆ అక్షరాలను తిరగరాసేటప్పుడు సరిచూసుకునే ఏర్పాటు దానికి లేదు. పెడనలో కలంకారీ బట్ట మీద అచ్చు కొయ్య ఒత్తే పనివాడు ఒక్క గీత పక్కకు జరిగినా ఆగి చూసుకుంటాడు. ఈ అచ్చు అద్దేవాడికి ఆగడం తెలియదు. సుమారు మూడు ప్రతులకు ఒక తప్పు పడుతుంది. మందు వాడని మనిషి ఒంట్లో రోజుకు దాదాపు వెయ్యి కోట్ల వైరస్‌లు పుడతాయని 1996లో అలన్ పెరెల్సన్, డేవిడ్ హో బృందం లెక్కగట్టింది. ఒక తరానికి మూడు రోజులు కూడా పట్టదు, ఏడాది తిరిగేసరికి నూరు తరాలు దాటిపోతాయి. ఆ తప్పుల్లో ఎక్కువ భాగం దానికే చేటు, అవి చస్తాయి. యాంటీబాడీ చేతికి చిక్కకుండా జారిపోయే తప్పు ఒక్కటి చాలు.

ఇంకో ఏర్పాటు ఉంది. నన్ను బాగా ఆశ్చర్యపరిచింది అదే. వైరస్ పైన ముళ్లలాంటి ప్రొటీన్లు ఉంటాయి, కణం తలుపు తీసే తాళంచెవులు అవే. యాంటీబాడీ పట్టుకోవాల్సింది ఆ ముల్లునే. ఫ్లూ వైరస్ మీద అలాంటివి వందలు ఉంటే, హెచ్‌ఐవీ మీద పద్నాలుగు దాకా మాత్రమే. ఆ కొద్ది ముళ్లకూ బయటి భాగం బరువులో దాదాపు సగం చక్కెరే. చెరకు బళ్లు లక్ష్మీపురం ఫ్యాక్టరీ వైపు బారులు తీరిన రోజులు చూసిన ఊరికి చక్కెర అంటే తీపి, అప్పు, బోనసు. ఇక్కడ చక్కెర అంటే దుప్పటి. పైగా ఆ చక్కెరను వైరస్ సొంతంగా తయారుచేసుకోదు. మన కణాల్లో, మన కణాలు తమ ప్రొటీన్లకు అద్దుకునే చక్కెరనే తనకీ అద్దించుకుని బయటికొస్తుంది. కాపలావాడు చూస్తే పైన ఉన్నది మన ఇంటి బట్టే. సొంతవాళ్ల మీద చేయి వేయకూడదన్నది రక్తానికి ఉన్న మొదటి నియమం. ఆ నియమమే ఇక్కడ అడ్డొస్తుంది.

అయినా రక్తం ఊరుకోదు. చక్కెర గుత్తుల మధ్య సందు వెతికి, కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఆ సందులో దూరే యాంటీబాడీని తయారుచేస్తుంది. వైరస్‌లు కుప్పలుగా చిక్కుతాయి. అప్పటికే ఎక్కడో ఒక తప్పు ప్రతిలో చక్కెర గుత్తి కాస్త పక్కకు జరిగి ఆ సందును కప్పేసి ఉంటుంది. ఇంకోదానిలో ముల్లు మీది మెలిక కాస్త పొడవై దారి మూసేసి ఉంటుంది. మిగిలేవి అవే. కూచిపూడి మనకు పక్క ఊరే, వేషం మార్చి రంగం మీదికి రావడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. అక్కడ వేషం కట్టేది నటుడు. ఇక్కడ ఎవరూ కట్టరు, చిక్కిన వేషాలన్నీ పోగా చిక్కనిది మిగులుతుంది.

2003లో ఇది కళ్లకు కట్టింది. అమెరికాలో శాన్ డీగోలో డగ్లస్ రిచ్‌మన్ బృందం, అలబామాలో జార్జ్ షా బృందం విడివిడిగా ఒకే రకం పని చేశాయి. ఒకే మనిషి దగ్గర కొన్ని నెలలకోసారి తీసి దాచిన రక్తాన్ని, అదే మనిషి దగ్గర వేర్వేరు నెలల్లో తీసిన వైరస్ మీద ప్రయోగించి చూశాయి. ఇవాళ్టి రక్తం కొన్ని నెలల కిందటి వైరస్‌ను చక్కగా పడగొట్టింది. ఇవాళ్టి వైరస్ మీద మాత్రం పనిచేయలేదు. ఇంకో కొన్ని నెలలాగి తీసిన రక్తం ఆ వైరస్‌నూ పడగొట్టింది. అప్పటికి అది లేదు, దాని కొత్త సంతానం ఉంది.

బస్సులో అక్కకు నేను చెప్పింది ఇదే. నీ నెత్తురు ప్రతిసారీ గుర్తుపట్టింది. ప్రతిసారీ ఆయుధం చేసింది. ఒక్క అడుగు వెనకపడింది, అంతే. ఈలోగా వైరస్ దెబ్బతీసింది సీడీ4 కణాలను, అంటే యాంటీబాడీలు చేసే కణాలకు ఉత్తర్వులిచ్చే వాటినే. బలం తరిగింది అలా. పుట్టుకతో లేకపోవడం కాదు.

ఆమె కిటికీలోంచి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఒక్క అడుగు ఎందుకు దాటలేకపోతోంది రక్తం? కొందరిలో దాటుతుంది. అసలు కథ అక్కడుంది.

యాంటీబాడీ కూడా మారుతుంది. లింఫు గ్రంథుల్లో యాంటీబాడీలు చేసే బీ కణాలు తమ జన్యువులో తామే తప్పులు చేసుకుంటాయి, కావాలని. ఆ తప్పుల్లో శత్రువును ఇంకా గట్టిగా పట్టేవి బతుకుతాయి, పట్టు లేనివి పోతాయి. అంటే ఒకే ఒంట్లో రెండు పరిణామాలు పక్కపక్కనే పరుగెడుతున్నాయి. ఒకటి తప్పించుకోవడానికి, ఒకటి పట్టుకోవడానికి. ఏళ్ల తరబడి ఈ పరుగు సాగితే కొద్దిమందిలో ఒక అరుదైన యాంటీబాడీ తయారవుతుంది. అది ఒక్క వైరస్‌ను కాదు, ప్రపంచంలోని అనేక రకాల హెచ్‌ఐవీలను పడగొట్టగలదు. పైన ఏ వేషం వేసినా, మార్చితే వైరసే బతకలేని చోటు ఒకటి ఉంటుంది కదా, దాన్ని పట్టుకుంటుంది. 2010లో వెలుగులోకి వచ్చిన వీఆర్‌సీ01 అనే యాంటీబాడీ అలాంటిదే. వైరస్ సీడీ4ను పట్టుకునే చోటే దాని గురి.

దక్షిణాఫ్రికాలో పెన్నీ మూర్, లిన్ మోరిస్ బృందం 2012లో వెల్లడించిన సంగతి చదివాక కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఇద్దరు మహిళల్లో సోకిన తొలినాటి వైరస్ ముల్లు మీద 332వ స్థానంలో చక్కెర గుత్తి లేదు. ఉన్నది రెండు గడుల అవతల, 334లో. వాళ్ల తొలి యాంటీబాడీలు ఆ వైరస్ మీద ఒత్తిడి తెచ్చాయి. తప్పించుకోవడానికి ఆరు నెలల్లోపు గుత్తి 334 నుంచి 332కు జరిగింది. వైరస్ గెలిచినట్టే. ఆ 332 గుత్తిని చూసే తర్వాత వాళ్ల ఒంట్లో అనేక రకాలను పడగొట్టే యాంటీబాడీ పుట్టింది. తప్పించుకోవడానికి వేసిన అడుగే పట్టుబడే గుర్తైంది. మొదట ఓడిన యాంటీబాడీలు లేకపోతే గెలిచే యాంటీబాడీ పుట్టే వీలే లేదు.

మరుసటేడు మలావీకి చెందిన ఒక మనిషి రక్తాన్ని, వైరస్ సోకిన తొలి వారాల నుంచి ఏళ్ల తరబడి తీసిన నమూనాలతో, డ్యూక్ విశ్వవిద్యాలయంలో బార్టన్ హేన్స్ బృందం మెట్టుమెట్టుగా చదివింది. వైరస్ ఏ మెట్టున ఏ వేషం మార్చిందో, దానికి జవాబుగా యాంటీబాడీ ఏ మెట్టున ఎలా మారిందో వంశవృక్షంలా గీసి చూపించింది. టీకా చేయాలనుకునేవాళ్లకు అది దారిపటం. ఒక్క వైరస్ ముక్కను చూపిస్తే చాలదు, వరుసగా చూపించి రక్తానికి పాఠం చెప్పాలి. తొలి మెట్టు ఎక్కించడం సాధ్యమేనని 2022లో ఒక చిన్న ప్రయోగం చూపింది: టీకా వేసిన 36 మందిలో 35 మందిలో కావాల్సిన బీ కణాలు మేల్కొన్నాయి. మిగతా మెట్లు ఇంకా ఉన్నాయి.

ఇందులో మనసును కలచేది ఒకటుంది. ఆ గొప్ప యాంటీబాడీ పుట్టిన మనిషికి దానివల్ల పెద్దగా మేలు జరగదు. అది పుట్టేసరికి ఆ ఒంట్లోని వైరస్ దాన్నీ దాటి ఉంటుంది. మేలు జరిగితే ఎక్కడో, ఇంకెవరికో.

ఒక మనిషిలో జరిగేది జనం మొత్తంలోనూ జరుగుతోందా? ఆమ్‌స్టర్‌డామ్‌లో 1985 నుంచి 1989 మధ్య సోకినవారి వైరస్‌ను, 2003 నుంచి 2006 మధ్య సోకినవారి వైరస్‌ను పక్కపక్కన పెట్టి చూశారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం కొత్తకాలం వైరస్ యాంటీబాడీలకు ఎక్కువ మొండిది. దాని ముల్లు మీది మెలికలు పొడవెక్కాయి, చక్కెర గుత్తులు పెరిగాయి. రెండు దశాబ్దాల్లో వేలమంది రక్తాలు చేసిన ఒత్తిడి ఆ వైరస్ ఒంటి మీద ముద్రపడి ఉంది. ఒక్క మనిషిలో ఒక్క సమయంలో ఉండే హెచ్‌ఐవీ వైవిధ్యం, ప్రపంచమంతటా ఏడాదిలో తిరిగే ఫ్లూ వైరస్‌ల వైవిధ్యానికి సమానమని అంచనా ఉంది. కరోనా వేషాలు మార్చిన రోజులు గుర్తున్నవాళ్లకు దీని బరువు తెలుస్తుంది.

మన దేశంలో తిరిగేది ఎక్కువగా ‘సీ’ రకం, ప్రపంచంలోని హెచ్‌ఐవీలో దాదాపు సగం అదే. పరాయి దేశాల్లో దొరికిన యాంటీబాడీలు మన ‘సీ’ మీద ఎంతవరకు పనిచేస్తాయో ఫరీదాబాద్‌లో జయంత భట్టాచార్య బృందం పరీక్షించింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో కల్పనా లూథ్రా బృందం హెచ్‌ఐవీతో పుట్టిన ఒక భారతీయ బిడ్డ రక్తంలోంచే విస్తృతంగా పనిచేసే యాంటీబాడీని వెలికితీసి 2019లో ప్రకటించింది. అట్లాంటాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో అమర రామారావు ఇరవై ఏళ్లకు పైగా హెచ్‌ఐవీ టీకా మీదే ఉన్నారు. యాంటీబాడీతోపాటు టీ కణాలనే మరో రకం కాపలా కణాలనూ మేల్కొలిపితే తక్కువ యాంటీబాడీతోనే కోతులకు రక్షణ దొరికిందని ఆయనా, బాలి పులేంద్రన్ కలిసి 2020లో చూపారు. కాపలావాడు ఒక్కడే నిలబడక్కర్లేదన్నమాట.

యాంటీబాడీనే మందుగా ఎక్కిస్తే? వీఆర్‌సీ01ను నరం ద్వారా ఎక్కించే పద్ధతిని నాలుగున్నర వేలమందికి పైగా పాల్గొన్న ప్రయోగాల్లో పరీక్షించారు. 2021లో ఫలితం వచ్చింది. మొత్తం మీద రక్షణ లేదు. కాని ఆ యాంటీబాడీకి లొంగే రకం వైరస్‌ల వరకు చూస్తే 75 శాతం రక్షణ ఉంది. లొంగేవి మూడో వంతు కూడా లేవు. నేను దీన్ని ఓటమి అనను. ఒక్క తాళంతో అన్ని తలుపులకు కాపలా కాయలేమని తేలింది, రెండు మూడు యాంటీబాడీలు కలపాలని తేలింది.

బందరు వచ్చేసింది. ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ముందు వరుసలో మగవాళ్లూ ఆడవాళ్లూ నేల చూపులతో నిలబడి ఉన్నారు. అక్క చీర కొంగు తల మీదికి లాక్కుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వయసువాళ్లలో నూటికి దాదాపు ఒకరికి, కచ్చితంగా చెప్పాలంటే 0.97 శాతం మందికి హెచ్‌ఐవీ ఉందని 2005-06 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది; దేశం సగటు అప్పుడు 0.28. 2021 అంచనాల్లో మన రాష్ట్రానిది 0.67, దేశానిది 0.21. తగ్గింది. దేశం సగటుకు మూడు రెట్ల దగ్గరే ఉన్నాం. అంటే ఈ వరుస మన ఊళ్లది, మన బంధువులది.

ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకే బిళ్ల, అందులో మూడు మందులు: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. యాంటీబాడీ వెంటపడి పట్టుకోవాలని చూస్తుంది. బిళ్ల చేసే పని వేరు, అచ్చు కొయ్యనే ఆపేస్తుంది. అచ్చు పడకపోతే తప్పు అచ్చు ఉండదు, కొత్త వేషం ఉండదు. రక్తంలో వైరస్ లెక్కకు అందనంత తగ్గిపోతే శృంగారం ద్వారా ఇంకొకరికి సోకదు. మూడు మందులూ ఎందుకంటే, ఒక్కదాన్ని తప్పించుకునే తప్పు పడవచ్చు, ఒకేసారి మూడింటినీ తప్పించుకునే తప్పు పడటం బహు కష్టం. సుడిదోమకు ఒకే మందు ఏళ్ల తరబడి కొట్టిన రైతుకు ఈ ముక్క వివరించనక్కర్లేదు. మానేస్తే మాత్రం, కొన్ని కణాల్లో నిద్రపోతున్న వైరస్ కొద్ది వారాల్లోనే లేస్తుంది. అందుకే రోజూ. నిన్న ఊడ్చిన రోడ్డే ఇవాళ మళ్లీ.

సోకకుండా ముందే ఆపే సూది కూడా వచ్చింది, లెనకాపవిర్, ఆరు నెలలకోసారి. ఆఫ్రికాలో జరిగి 2024లో ఫలితం వెల్లడైన పరీక్షలో అది తీసుకున్న 2,134 మంది మహిళల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ రాలేదు. దాన్ని చవకగా చేసి పేద దేశాలకు ఇచ్చే అనుమతి పొందిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన హెటిరో, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. మన దగ్గర తయారయ్యేది మన ఏఆర్‌టీ వరుసల పక్కకు కూడా త్వరగా చేరాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మధ్యాహ్నం తిరుగు బస్సు. మూడు నెలల మందు, మూడు సీసాలు. అక్క ఒళ్లో తువ్వాలు పరిచి ఒక్కో సీసా మూత తీసింది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న దూదిని వేళ్లతో సాగదీసి, మెలిపెట్టి, బిళ్లల మీద సర్దుతోంది.

‘‘ఇన్నేళ్లు వాడా గదా. ఇప్పుడు ఆ టెస్టు మళ్లీ చేయించుకుంటే నెగటివ్ వస్తదా తమ్ముడూ?’’

రాదని చెప్పాను. వైరస్ కనపడనంత తగ్గినా యాంటీబాడీలు ఉంటాయి, బతికున్నన్నాళ్లూ ఉంటాయి, గీత పడుతూనే ఉంటుంది.

‘‘అంటే అవింకా కాపలా కాస్తన్నాయా?’’

‘‘కాస్తున్నాయక్కా.’’

మూడో సీసాను ఊపి చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు. ‘‘పడనీలే గీత’’ అని మూత బిగించింది.